ఊ కొట్టని పాట

మల్లన్నసాగర్ రిజర్వాయర్‌లో నీళ్లు నిలిచిన మరుసటి ఏడాది, ఎండాకాలం. సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీద నాకొక మడిగె ఉంది, చిన్న దుకాణం. పాత క్యాసెట్లు, రీల్ టేపులు తెస్తే వాటిలోని శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తాను. ఈ పనిని ట్రాన్స్‌ఫర్ అంటాం. మా తాతల కాలంలో మా ఇంటివాళ్లు ఒకరి పని చేసి బతకలేదు. మా దొరల గడి కూలింది, భూములు పోయాయి, నేను చేస్తున్నాను. చేసే పనిలో మాత్రం ఎవరిచేతా మాట పడను.

ఆ ఎండల్లో సికింద్రాబాద్ నుంచి విక్టర్ గారు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. ఆయన గిటార్ వాయించిన రాక్ బృందం ఒకప్పుడు కాలేజీల్లో అందరికీ తెలుసు. వాళ్లది ప్రోగ్రెసివ్ రాక్. ఒక్కో పాట పావుగంట సాగుతుంది, నడుమ తాళం మారుతుంది, ఒకచోట మొదలై ఇంకెక్కడో తేలుతుంది. ఆయన తెచ్చింది వాళ్ల చివరి ఆల్బమ్ ‘రాతిగుట్ట’ మాస్టర్ టేప్, అంటే స్టూడియోలో తయారైన అసలు రీలు. అప్పటికే ఇరవై ఏళ్లుగా వాయిస్తున్న బృందం అది. ఆల్బమ్‌ను ఎవరూ మెచ్చలేదు. వాయిస్తూ వాయిస్తూ నిద్రపోయారని పత్రికల్లో రాశారు. ఇప్పుడు దాన్ని మళ్లీ విడుదల చేస్తారట.

“నాలుగో పాటల ఖాళీలున్నయి. అవన్నీ కోసెయ్యాలె” అన్నారాయన. “గొర్లకాపరి పాట. ఒగ్గు కథ చెప్పే కొమురయ్య అని, వేములఘాట్ మనిషిని తోల్కొచ్చిన. డోలు కొట్టుకుంట మంచిగనే చెప్పిండు. గని మాటమాటకు ఆగిండు. మాకు లెక్క తప్పింది. జనం నవ్విన్రు.”

ఆ ఆల్బమ్ నాకు కొత్త కాదు. చదువుకునే రోజుల్లో క్యాసెట్ అరిగేదాకా విన్నాను. ముప్పై ఏళ్లుగా దాని తరఫున నలుగురితో వాదిస్తూనే ఉన్నాను. ఇప్పుడు వాయించిన మనిషితోనే వాదించవలసి వచ్చింది.

“నేను కొయ్య సార్. వేరేటోళ్లయితే ఆ జాగల గిటార్ నింపుదురు. మీరు నింపలే. కొమురయ్య ఆగితే మీరంత ఆగిన్రు. బేస్ గిటార్ ఒక్క స్వరం పట్టుకొని నిలబడ్డది. మీ పాత ఆల్బమ్‌లల్ల మీ వేళ్ల ఉరుకుడు వినవడ్తది. దీంట్ల మీరు ఒకర్నొకరు వినుడు వినవడ్తది.”

“వినుడు గాదు పాడు గాదు. ఏం జెయ్యాల్నో సమజ్ గాక నిలబడ్డం. అయినా ఆల్బమ్ నాది. నడుమ నీ పంచాయితీ ఏంది?”

“ఆల్బమ్ మీదే. గొంతు మీది గాదు. కోసే ముందల వాళ్లింటోళ్లు ఒక్కసారి వినాలె. లేకుంటే రీలు తీస్కపోండి.”

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “మా డ్రమ్మర్ సుత నాతోని ఇంత కొట్లాడలేదు” అని కుర్చీలో కూలబడ్డారు.

కొమురయ్య పోయి చాలా కాలమైంది. భార్య మల్లవ్వ, రిజర్వాయర్ కింద వేములఘాట్ మునిగాక గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీలో ఉంటోంది. కబురు పంపితే బస్సెక్కి వచ్చింది. విక్టర్ గారూ మళ్లీ వచ్చారు.

“ఫొటో ఒకటున్నది దొరా” అంది ఆమె. “గొంతు ఏడ లేదు. ఎవలన్న పట్టి పెట్టిన్రేమో అనుకుంటనే ఇన్నేండ్లాయె.”

దొరా అన్న పిలుపుకు ఇప్పుడు నా దగ్గర ఏ ఆధారమూ లేదు. వద్దని మాత్రం అనలేదు. టేప్ నడిపాను.

డోలు మోగింది. కొమురయ్య గొంతు వచ్చింది. గుట్ట అవతల మంద తప్పిపోయిందన్నాడు, ఆగాడు. ఆ ఖాళీలో మల్లవ్వ “ఊ” అంది. మళ్లీ డోలు, ఇంకో మాట, మళ్లీ ఖాళీ. “ఊ.” కొలిచి కుట్టినట్టు అది అక్కడ కూర్చుంది. వెంట్రుకవాసి తేడా లేదు.

నాలుగైదు మాటలయ్యాక ఆమె చెయ్యి ఎత్తింది. టేప్ ఆపాను.

“జంటోడేడి?” అంది.

“ఏ జంటోడు?” అన్నారు విక్టర్ గారు.

“ఎనుక నిలవడి ఊ కొట్టేటోడు. ఒక్కన్నే తోల్కపోయిన్రా?”

“ఒక్కడు సాలన్నం.”

“మరి మీరు గింతమంది ఉంటిరి గదయ్యా. ఒక్కలన్న ఊ అనకపోతిరి?”

విక్టర్ గారు అన్నారు: “ఎర్ర లైటు వెలిగింది అవ్వా. లైటు వెలిగితే ఎవ్వలు సప్పుడు చెయ్యొద్దని నేనే చెప్పిన.”

“ఊ అనకుంటే కథ ముందటికి ఎట్ల నడుస్తది? పాపం, ఎదురుజూసిండు. సూసి సూసి ఆయనే నడిచిండు.”

విక్టర్ గారు నాతో మెల్లగా అన్నారు: “ఈమె ఊ రికార్డు చేసి ఖాళీలల్ల పెడ్తే?”

మల్లవ్వ విన్నది. “వద్దయ్యా. అన్ని మీరే నింపితే వినేటోళ్లకు ఏం పని?”

ఖాళీలను కోయలేదు, నింపలేదు. ‘రాతిగుట్ట’ ఎట్లా ఉన్నదో అట్లాగే వెళ్లింది. అది గొప్ప ఆల్బమ్ అని ఇప్పటికీ అంటాను. ఎందుకు ఆగాడో తెలియకపోయినా, ఒక మనిషి ఎదురుచూస్తుంటే అతన్ని వదిలి ముందుకు పోని వాద్యగాళ్లు ఎంతమంది ఉంటారు? ఇప్పుడు ఎవరు టేప్ తెచ్చి ఖాళీలు తీసెయ్యమన్నా, ఆ మాట్లాడే మనిషి అక్కడ ఎవరి కోసం ఆగాడని ముందు అడుగుతాను.

మా గడి ముందర ఒగ్గు కథలు చెప్పించేవారు. దొరలు ఊ కొడితే చిన్నతనం. అందుకు ఒక మనిషిని కూర్చోబెట్టేవారు. కథ మాది, ఊ అతనిది. ముప్పై ఏళ్లు ఈ పాటను నేనూ అట్లాగే విన్నాను, నిటారుగా కూర్చుని, నోరు విప్పకుండా.

మల్లవ్వ పోయే ముందు ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. సగం దాకా ఊ కొడుతూనే ఉంది. ఒక ఖాళీ దగ్గర ఊ రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టేప్ తిరుగుతోంది. కొమురయ్య ఆగి ఉన్నాడు.

“ఊ” అన్నాను.

డోలు మోగింది.