మళ్లీ విప్పబోయిన బీడీ కట్ట

అక్షరాల్లో తప్పులుంటే ఏమనుకోకండి మన గ్రూపు అక్కలూ, ఐదో తరగతి దాకే చదివాను.

బీడీలు ఇరవై ఐదు లెక్కపెట్టి కట్ట కట్టాక, తప్పిందేమోనని విప్పి మళ్లీ లెక్కపెడతాను. ఎంత ఆపుకున్నా ఆగదు. అందుకే కంపెనీలో బీడీలు ఇచ్చి వస్తానని చెప్పి, ప్రతి బుధవారం నిజామాబాద్‌లో ఒక సైకాలజిస్ట్ మేడం దగ్గరికి పోతున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మేడం పొద్దున కాలేజీలో పాఠాలు కూడా చెబుతారు. "పేరు మార్చి నీ సంగతి పిల్లలకు చెప్పొచ్చా?" అని అడిగితే సరేనన్నాను. ఆ పిల్లల్లో మా ఆడబిడ్డ శ్రావణి ఉందని నాకేం తెలుసు!

ఈ రోజు కాలేజీ నుంచి రాగానే శ్రావణి నేను బీడీలు చుట్టే చేట పక్కన కూర్చుంది.

"వదినె, ఇయ్యాల మా మేడం ఒకామె ముచ్చట చెప్పింది. పూలదండ గుచ్చినంక, పూలు తక్కువైనయేమోనని మల్ల తెంపుతదట. పిచ్చి గాదట, భయమట. దవాఖానకు వచ్చిందంటే ఆమెకు శానా ధైర్యమున్నదన్నది."

బీడీల బదులు పూలు పెట్టారంతే, ఆమె నేనే. ఏమీ తోచక చేతిలోని కట్టను విప్పబోయాను. శ్రావణి నా చేయి పట్టుకుంది.

"లెక్క మంచిగనే ఉన్నది. నేను సూసిన" అంటూ కట్టను బుట్టలో వేసింది. తర్వాత వాళ్లమ్మను, అంటే మా అత్తమ్మను పిలిచి, "అవ్వా, బుధవారం వదినెతోని నేను గూడ పోత" అంది.

ఈ పిల్లకు ఎప్పటి నుంచి తెలుసంటారు? చెప్పండి. చదివాక ఎవరికీ పంపకండి, పొద్దున్నే ఈ పోస్టు తీసేస్తాను.