వదులు బెజ్జం

2004 వేసవి. బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ టెస్టింగ్ ల్యాబ్ నా చేతి కింద ఉండేది. సిమెంటు దిమ్మలు, ఇనుప కడ్డీలు వచ్చేవి. యూటీఎం అనే యంత్రంలో బిగించి, ఎంత బరువుకు లొంగుతాయో చూసి రిపోర్టు రాసేవాణ్ణి. అక్కడున్న అన్నేళ్లలో చెక్కను పరీక్షించమని అడిగింది మాత్రం సుగుణమ్మ గారొక్కరే.

ఆవిడ రేపల్లె దగ్గర ఒక మిషన్ బడికి హెడ్‌మిస్ట్రెస్. పెంకుల కప్పును మోసే త్రికోణపు టేకు చట్రాల, అంటే ట్రస్సుల, అతుకులు వదులైతే, తెనాలి వడ్రంగి మస్తాన్ గారు డోవెళ్లు వేసి మళ్లీ కలిపారు. డోవెల్ అంటే తలా మరా లేని నున్నటి ఉక్కు కడ్డీ ముక్క. బడి కమిటీకి వాటిమీద గురి కుదరలేదు. ల్యాబ్ సరేనంటే బడి తెరుస్తామన్నారు, లేదంటే కప్పు విప్పేస్తారు, ఆ ఏడాదికి బడి లేనట్టే.

మస్తాన్ గారు అదే టేకు ముక్కలు పంపారు. నేనే డ్రిల్ చేసి, డోవెళ్లు పెట్టి, యంత్రంలో లాగాను. కావలసిన బరువులో సగం కూడా రాకముందే చెక్క నిలువునా చీలింది.

ఫోన్లో సంగతి చెబితే సుగుణమ్మ గారు ఒక్కటే అడిగారు. "మీ పిల్లలైతే ఆ కప్పు కింద కూర్చోబెడతారా బాబూ?"

"కూర్చోబెట్టనండి."

ఆవిడ ఫోన్ పెట్టేసి, సంగతి మస్తాన్ గారికి కబురు చేశారు.

మర్నాడు పొద్దున్నే మస్తాన్ గారు బస్సు దిగి తిన్నగా ల్యాబుకొచ్చారు. పోట్లాటకేననుకుని నేనూ సిద్ధమయ్యాను. ఆయన నా వంక చూడనైనా చూడకుండా, చీలిన ముక్క తీసుకుని, బెజ్జంలో డోవెల్ పెట్టి వేలితో కదిపారు. అది లొడలొడలాడింది.

"ఈ బెజ్జం ఎవరు పెట్టారండి?"

"నేనే."

"ఇది చెక్కండి సార్. మీరు ఇనుమనుకున్నారు."

ఇనుప పలకల్లో బోల్టు కంటే రెండు మిల్లీమీటర్లు పెద్ద బెజ్జం పెట్టడం మాకు అలవాటు. చెక్కకూ అదే చేశాను. వదులు బెజ్జాల్లో డోవెళ్లన్నీ కలిసి బరువు పట్టవు. ముందు తగిలినదాని మీదే భారమంతా పడి, అక్కడ చెక్క చీలుతుంది. ఆయన పనికి వంక పెట్టబోయి నా పనిని నేనే ఫెయిల్ చేసుకున్నాను.

మస్తాన్ గారు సంచిలోంచి తన బరమా తీసి, బిగువుగా, ఒకే వరసలో పడకుండా బెజ్జాలు పెట్టి డోవెళ్లు దిగ్గొట్టారు. మళ్లీ లాగాం. యంత్రం మీది ముల్లు కావలసిన గీత దాటి ఇంకా చాలా దూరం పోయింది. అతుకు కిర్రుమంది గానీ చీలలేదు. విప్పి చూస్తే డోవెళ్లు వంగి ఉన్నాయి.

"వంగితే వంగాయిలెండి. పిల్లలు బయటికి పరిగెత్తేదాకా ఆగుతాయి," అన్నారాయన. పుస్తకాల్లో దీన్నే డక్టిలిటీ అంటారు, ఒక్కసారిగా విరక్కుండా సాగి హెచ్చరించే గుణం. నేను ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేదు.

అయినా రిపోర్టు రాసేముందు బడికి వెళ్లి, నిచ్చెనెక్కి, ఒక్కో డోవెల్‌నూ వేలితో కదిపి చూశాను. ఏదీ కదల్లేదు. అప్పటినుంచి ల్యాబులో ఏది విరిగినా, ముందు నా చేతిని అనుమానించాకే ఎదుటివాడి పనిని అనుమానిస్తాను.

జూన్‌లో బడి తెరిచారు. తొలి వాన కురిసిన రోజు, మూడో తరగతి చదివే మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. సుగుణమ్మ గారు పాఠం చెబుతున్నారు. పైన పెంకుల మీద వాన మోగుతుంటే, మా అమ్మాయిని నడిమి బెంచీలో కూర్చోబెట్టి, పక్కనే నేనూ కూర్చున్నాను.