ఒక్క పోగు పరీక్ష

రెండేళ్ల క్రితం నేను భవానీపురంలో గది తీసుకొని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పామర్రులో చీరల కొట్టు నడిపే మా బాబాయి ఒక ఆదివారం ఫోన్ పట్టుకొని వచ్చాడు. వాట్సాప్‌లో పరిచయమైన ఒకావిడ, క్రిప్టో యాప్‌లో రోజుకి ఒక శాతం లాభం ఖాయమని చెప్పిందట.

"నువ్వు ఇంజనీరువి కదరా, ఓసారి చూడు. పిన్నితో మాత్రం అనకు. ఇంట్లో చెప్పొద్దంది మేడమ్."

నేను లిస్టు రాసుకున్నాను. వెబ్‌సైట్ ఉందా? యాప్ పనిచేస్తోందా? డబ్బు వెనక్కి వస్తోందా? పట్టు అసలుదో కాదో తేల్చడానికి బాబాయి తానే చీర చివర ఒక పోగు లాగి కాల్చి చూస్తాడు. అలాగే నేనూ, యాప్‌లో ఇచ్చిన ఒక మనిషి పేరున్న ఖాతాకు ఐదువేలు వేయించి, మర్నాడు రెండువేలు తీయించాను. వచ్చాయి.

"బాగానే ఉంది బాబాయ్" అన్నాను.

పెళ్లిళ్ల సరుకు కోసం దాచిన ఆరు లక్షలూ ఆయన అందులో పెట్టాడు. నెల తర్వాత తీయబోతే, ముందు పన్ను కింద లక్షన్నర కట్టమన్నారు. అది నేను కట్టనివ్వలేదు. పోలీసులకు ఫిర్యాదు చేశాం. ఆరు లక్షలు మాత్రం ఇప్పటికీ రాలేదు.

ఆ సీజన్‌లో సగం అరలు ఖాళీగా ఉన్న కొట్లో కూర్చొని కూడా బాబాయి నన్ను తప్పుపట్టలేదు.

"ఆ పోగు మనం లాగలేదురా. వాళ్లే లాగి చేతిలో పెట్టారు" అన్నాడంతే.

ఖాయమైన లాభం, ఇంట్లో చెప్పొద్దన్న మాట, కంపెనీకి కాక ఎవరో మనిషి ఖాతాకు వెళ్లిన మొదటి ఐదువేలు. ఇవన్నీ ఆరు లక్షలు కట్టకముందే నా కళ్లెదుట ఉన్నాయి. నా లిస్టులో ఒక్కటీ లేదు.