పెదవులు కనిపించిన బొమ్మ

మా అక్కకు చిన్నప్పుడే జ్వరం వచ్చి వినికిడి పోయింది. మాట పోలేదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి సంగతంతా పట్టేస్తుంది. ఆమె ముందు గుసగుసలాడి ఏదైనా దాచుదామనుకున్నామా, అయిపోయామే! మా ఊళ్లో సినిమా హాలు ఇంటికి మూడు వీధుల అవతల. తెర మీద మొహం మంచమంత ఉంటుంది కాబట్టి ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. కొత్త బొమ్మ పడితే చాలు, అందరికంటే ముందు వెళ్లి కూర్చునేది.

హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చాక నేను కొండాపూర్‌లో ఒక ఇంటి పైవాటా కిరాయికి తీసుకుని, అక్కను తోడు తెచ్చుకున్నాను. అప్పటి కొండాపూర్ అంటే బండరాళ్లు, సగం లేచిన గోడలు. సినిమా హాలుకు పోవాలంటే రెండు బస్సులు మారాలి. పొద్దస్తమానం ఒక్కతే ఇంట్లో. నెల తిరక్కుండానే "నేను ఊరికి పోతాన్రా" అని మొదలుపెట్టింది.

ఆమెను నిలుపుకోవాలని వీసీడీ ప్లేయర్ కొన్నాను. కాసేపు చూసి, లేచి వంటింట్లోకి పోయింది. నాకు ఒళ్లు మండింది.

"నీ కోసమే గదక్కా కొన్నది!"

"నీ యంత్రం నువ్వే చూసుకో. మొహాలన్నీ గళ్లు గళ్లు. నోరు యాడుందో తెలిస్తే గదా, ఏం మాట్లాడుతుండారో తెలిసేది!"

నిజమే. ఎవరైనా కాస్త కదిలితే చాలు, మొహం ముక్కలైపోయేది. చెవులున్నవాణ్ణి, నాకది పట్టనే లేదు.

అంతలో మా ఆఫీసు మిత్రుడొకడు సింగపూర్ నుంచి డీవీడీ ప్లేయర్ తెచ్చాడు. రెంటికీ తేడా ఏమీ ఉండదని నేను, భూమికీ ఆకాశానికీ ఉన్నంత ఉందని అతను. నేను ఊరికే ఒప్పుకునే రకం కాదు, పందెం కాశాను. ఒక ఆదివారం మధ్యాహ్నం కింద ఉండే ఇంటి ఓనరు గారి పెద్ద టీవీకి రెండు యంత్రాలూ తగిలించాం. రెంట్లోనూ ఒకే తెలుగు సినిమా.

ఆ సాయంత్రమే అక్క ఊరి బస్సు. సంచి సర్దుకుని, ఓనరుకు చెప్పి పోదామని కిందికి వచ్చింది.

"సౌండు తీసేయండి. లేకపోతే చెవి కంటిని మోసం చేస్తుందండి" అన్నాడు మిత్రుడు. ముందు వీసీడీ నడిచింది.

"గిదేంది, చీర జరీ అంత అలుక్కపోయింది!" అన్నాడు ఓనరు.

తర్వాత డీవీడీ పెట్టాం. చెట్టుకు ఆకులు విడివిడిగా కనిపించాయి. "రంగు కాస్త ఎక్కువుంది, అంతే గదా!" అని నేనింకా వాదిస్తూనే ఉన్నాను. వెనకనుంచి పకపకా నవ్వు వినిపించింది. అక్క గుమ్మం పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతోంది. టీవీలో హాస్యనటుడు నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. మాకు ఒక్క ముక్క తెలియదు.

"ఏమన్నాడక్కా?"

"పిల్లనీయకపోయినా పర్లేదు మామా, ఆ ఆవకాయ జాడీ ఇస్తే చాలంటుండాడు!"

వచ్చి టీవీ ముందు నేల మీద చతికిలబడింది. ఇంతలో హీరోయిన్ వచ్చింది. ఓనరు ఆగలేక అక్కవైపు తిరిగి, "ఆమె ఏమంటున్నది చెల్లే?" అని అడిగాడు.

అక్క కళ్లు చికిలించి చూసి, "అయ్యో రామ! అంకెలు లెక్కబెడుతుండాదన్నా! ఆయప్ప ప్రాణమిస్తానంటుంటే ఈయమ్మ ఒకటీ రెండూ మూడూ అంటుండాది!" అంది.

పాపం, తెలుగు రాని అమ్మాయి. మాటలు తర్వాత ఇంకెవరో చెప్తారని మాకు తెలుసు. పెదవుల మీద అంకెలుంటాయని మాత్రం ఆ రోజే తెలిసింది. ముగ్గురం కడుపులు పట్టుకుని నవ్వాం.

పందెం ఓడిపోయాను. ఓడిపోయి అంత సంతోషపడింది జీవితంలో అదొక్కసారే. "యంత్రం ఇక్కడే ఉంచండి, మా ఇంట్లో చూసేవాళ్లెవరండీ" అన్న ఆ మిత్రుణ్ణి, తన టీవీ ముందు మా అక్కకు చోటిచ్చిన ఆ ఓనరును ఇప్పటికీ తలుచుకుని మనసులోనే దండం పెట్టుకుంటాను.

బస్సు వేళ దాటిపోయింది. అక్క గడియారం వైపే చూడలేదు. సినిమా సగానికి పైగా నడిచాక, టీవీ ఇంకా మూగగానే ఉందని ఓనరుకు గుర్తొచ్చింది. రిమోట్ తీసుకుని టీవీ పక్కకొచ్చి నన్నడిగాడు, "ఇగ జర ఆవాజ్ పెట్టాల్నా?"

నేను నోరు విప్పకముందే అక్క జవాబిచ్చింది.

"మీకు కావాలంటే పెట్టుకోండన్నా. నాకేం అక్కర్లేదు."