పాతరకు పెట్టిన ముక్కు

ఆ కాలంలో మా వైపు ఉర్దూ మిడిల్ పాసైన మనిషికి తెలియని సంగతంటూ ఉండేది కాదు. తెలియదని ఒప్పుకునే బుద్ధి వచ్చేసరికి ఉద్యోగమే అయిపోయేది. నేను కామారెడ్డి బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేవాణ్ణి. నల్ల షేర్వానీ ఒకటి, ఫౌంటెన్ పెన్ను ఒకటి, సైన్సు పుస్తకంలో 'హవా' అనే పాఠం ఒకటి, ఇవీ నా ఆస్తి. ఆ పాఠంలో గాజు సీసా కింద మూసిపెట్టిన కొవ్వొత్తి ఆరిపోతుంది, ఎలుక చచ్చిపోతుంది. మూడేళ్ళుగా ఆ ఎలుకను పిల్లల ముందు చంపి చంపి (నోటి మాటతోనే లెండి, మా బడికి సీసా కూడా లేదు) గాలి లేనిచోట ఏదీ బాగుండదని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

అప్పుడే కొత్తగా పెళ్ళయింది. అత్తగారి ఊరికి ఎల్లారెడ్డిలో బస్సు దిగి, కచ్చురంలో (గూడు కట్టిన ఎడ్లబండి) పోవాలి. మామది పెద్ద వ్యవసాయం. ఆ ఇంట్లో కొత్త అల్లుడి మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. అత్తమ్మ అయితే నా ఎదుటికే వచ్చేది కాదు, నాతో ఒక్క మాట మాట్లాడేది కాదు. అప్పటి మర్యాద అది. తలుపు చాటున నిలబడి "అల్లుడు ఇంకింత పెరుగు పోసుకుంటడేమో అడుగు" అని కూతురితో అనేది. నేను తలుపుకు వినబడేటట్టు "సాలని చెప్పు" అని మా ఆవిడతో అనేవాణ్ణి. ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినబడుతూనే ఉండేవి కాబట్టి మా ఆవిడకు నవ్వుకోవడం తప్ప వేరే పని ఉండేది కాదు.

శివరాత్రి వెళ్ళిన వారానికి నేను పోయేసరికి వాకిట్లో పాతర నింపుతున్నారు. రెండు నిలువుల లోతు గొయ్యి. అడుగునా చుట్టూ గడ్డి దట్టంగా పేర్చి, జొన్నలు పోసి, మీద మళ్ళీ గడ్డి కప్పి, మట్టి వేసి దిమ్మిస కొట్టి, పేడతో అలికేస్తారు. ఇక దసరా దాకా ముట్టరు. ఆ ఇంటికీ, ఆ ఇంటిని నమ్ముకున్న జీతగాళ్ళ ఇళ్ళకూ అదే మిగతా ఏడాది తిండి. నాకు మాత్రం ఆ గోతిలో జొన్నలు కనిపించలేదు, సీసా కింది ఎలుక కనిపించింది.

"మామా, గింజకు గూడ పానముంటది. గిట్ల గాలాడకుండ కప్పితే ఖరాబైతది" అన్నాను.

"మా తాత కాలం నుంచి గిట్లనే కప్పుతున్నం" అన్నాడు మామ, నెమ్మదిగా.

"తెల్వక కప్పిన్రు. నిజాంసాగరుకు తూములు పెట్టలేదా?"

"పెట్టిన్రు" అన్నాడు మామ. ఆ తూములకూ ఈ జొన్నలకూ ఏం సంబంధమని అడగలేదు. అల్లుణ్ణి అట్లా అడగకూడదు. (ఆ సంబంధం కోసం నేను ఇవాళ్టిదాకా వెతుకుతున్నాను, దొరకలేదు.)

మర్నాడు రెండు వెదురు బొంగులు తెప్పించాను. కమ్మరి ఎర్రగా కాల్చిన చువ్వతో వాటి కణుపులు పొడిచాడు. ఒక బొంగు పాతర అడుగుదాకా, ఇంకొకటి సగందాకా దింపించాను. ఒకదాంట్లోంచి మంచి గాలి లోపలికి పోతుందనీ, రెండోదాంట్లోంచి చెడ్డ గాలి బయటికి వస్తుందనీ అందరికీ వివరించాను. "దేంట్లకెల్లి పోవాల్నో దేంట్లకెల్లి రావాల్నో గాలికి ఎవలు చెప్తరు పటేలా?" అని ముసలి జీతగాడు అడిగాడు. ఏటా పాతరలో దిగి గింజలు తీసేది అతనే. "అది సైన్సు" అన్నాను. అలికిన నేల మీద ఆ రెండు బొంగులూ జానెడు పైకి తేలి నిలబడ్డాయి. ఊరు వాటికి 'అల్లుని ముక్కు' అని పేరు పెట్టింది. ఆ పేరులో నాకు గౌరవమే వినిపించింది.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ "గా పాతర సంగతి మా అమ్మకు ఇడిసిపెట్టరాదా?" అంది. మీ అమ్మ హవా పాఠం చదివిందా అని అడిగాను.

ఆ తర్వాత బామ్మర్ది నుంచి నెలకో ఉత్తరం. ప్రతి ఉత్తరంలోనూ చివర "బావా, ముక్కు మంచిగ ఊపిరి తీస్తున్నది" అని ఉండేది. వాటిని మా హెడ్మాస్టరుకు చూపించాను. కళ్ళకు ఎప్పుడూ సుర్మా పెట్టుకుంటాడని ఆయన్ను మేమంతా చాటుగా సుర్మా సాబ్ అనేవాళ్ళం. ఆయన ఉత్తరాలు రెండుసార్లు చదివి "మియా, రిపోర్టు రాయి. పైకి పంపుదాం. బడి పేరు నిలుస్తది" అన్నాడు. పన్నెండు పేజీల రిపోర్టు తలపెట్టి పదకొండు పేజీలు రాశాను. గింజలు ఎంత బాగున్నాయో రాయవలసిన చివరి పేజీ ఒక్కటే ఖాళీగా ఉంచి, రాసినవి ఆయన బల్ల మీద పెట్టాను. పాతర తెరవకముందే 'అద్భుతం' అనే మాట నాలుగుచోట్ల వాడేశాను.

బతుకమ్మ పండుగకు మా ఆవిడ పుట్టింటికి బయలుదేరింది. నేనూ ఖాళీ పేజీ జేబులో పెట్టుకుని వెంట వెళ్ళాను. పొద్దున్నే పాతర తెరిచారు. సగం ఊరు వాకిట్లోనే ఉంది. మట్టీ గడ్డీ తీసేసరికి వెచ్చని పులిసిన వాసన కొట్టింది. ముసలి జీతగాడు లాంతరు వెలిగించి తాడుతో లోపలికి వదిలాడు. రెండు మూరలు దిగిందో లేదో ఆరిపోయింది. "ఇయ్యాల ఎవలు దిగొద్దు. మూతి తెరిచి ఉంచుదం, రేపు సూద్దం" అన్నాడు.

రేపటిదాకా ఆగితే నా బొంగులు ఎందుకు? బొంగుల్లోంచి వస్తున్న గాలి జోరుకే దీపం ఆరిందని చెప్పాను. (గాలివానలో కూడా ఆరకూడదనే లాంతరుకు గాజు బుడ్డి పెడతారని నాకు అప్పుడు తట్టలేదు.) మళ్ళీ వెలిగించి దింపారు, ఆరింది. మూడోసారీ ఆరింది. ఎవరూ నవ్వలేదు. మూడేళ్ళు పాఠం చెప్పిన కొవ్వొత్తి నా కళ్ళముందే మూడుసార్లు ఆరిపోయినా నేను దాన్ని గుర్తుపట్టలేదు, సీసాలో లేదు కాబట్టి.

"నేనే దిగి సూపిస్త" అని షేర్వానీ విప్పి బామ్మర్ది చేతిలో పెట్టాను. తాడు పట్టుకుని గోతిలో ఒక కాలు పెట్టాను. మామ ముఖం పాలిపోయింది. "అల్లుడా, బువ్వ యాళ్లయింది" అన్నాడు. అప్పటికి పొద్దెక్కలేదు. జీతగాడు తాడు వదలకుండా "రేపు పటేలా, రేపు" అంటూ నిలబడ్డాడు. బామ్మర్ది షేర్వానీ గుండీలు లెక్కపెడుతున్నాడు. అసలు సంగతి అందరికీ తెలుసు. నలుగురిలో అల్లుణ్ణి చిన్నబుచ్చడం ఎట్లాగని ఎవరికీ నోరు రావడం లేదు. నా మర్యాద నిలబెట్టడానికి ఆ ఊరు నన్ను పోగొట్టుకునేటట్టే ఉంది. నేను రెండో కాలు ఎత్తాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. సత్తుపిండి చేతులతోనే అత్తమ్మ వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆమె ముఖం నేను సరిగ్గా చూడటం అదే మొదలు.

"దిగకు కొడుకా. అండ్ల గాలి లేదు. నువ్వు బస్సెక్కిన్నాడే గా బొంగులు నేను మూసిన."

"మూసిన్రా? ఎందుకు అత్తమ్మా?"

"గాలి తగిల్తే పురుగు పడ్తది. గాలాడకుంటే పురుగు సస్తది, గింజ నిలుస్తది. పురుగు సచ్చే కాడ మనిషి బతుకుతడా?" ఆమె నా మణికట్టు వదల్లేదు. "చెప్తే నువ్వు చిన్నబోతవని చెప్పలే. తప్పు నాదే. నువ్వు పైకి రా."

కాలు బయటికి తీశాను. సిగ్గు తర్వాత వచ్చింది, ముందు గొయ్యి అంచు నుంచి నాలుగడుగులు వెనక్కి వేశాను. బొంగులు పీకి చూస్తే జానెడు కింద పాతగుడ్డ, బూడిద, బంకమట్టి కూరి ఉన్నాయి. నా పుస్తకంలో లేని పేజీ అది. మర్నాడు లాంతరు అడుగుదాకా వెలుగుతూనే దిగింది. జీతగాడు గంపలతో జొన్నలు పైకి పంపాడు. ఒక్క గింజకు కూడా తూటు లేదు. ఆ జొన్నరొట్టె తింటూ నేను తలెత్తలేదు. అత్తమ్మ మాత్రం ఎదురుగా కూర్చుని "పెరుగు పోసుకో కొడుకా" అంది. ఇక ఎన్నడూ తలుపు చాటుకు పోలేదు.

కామారెడ్డి వచ్చి సుర్మా సాబ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఆ పదకొండు పేజీలూ నేను ఊరికి పోయిన రోజే పంపేశాడట. "చివరి పేజీ ఎవరు చదువుతరు మియా" అన్నాడు. ఆయన మాటే నిజమైంది. రెండేళ్ళకు పై కచేరీ నుంచి ఊళ్ళకు హుకుం వచ్చింది, ప్రతి పాతరకూ రెండు గొట్టాలు పెట్టాలని. ఊరూరా వాకిళ్ళలో ముక్కులు మొలిచాయి. నేను అత్తగారింట్లో ఉన్న రోజే వచ్చిన అధికారి ముక్కులు లెక్కపెట్టి, బాగుందని రాసుకుని పోయాడు. అతని బండి మలుపు తిరగ్గానే అత్తమ్మ మట్టిముద్ద తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఈపాలి నువ్వే మూయి కొడుకా. నీ ముక్కే గద" అంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, చదువుకున్న చదువంతా ఉపయోగించి, గట్టిగా మూశాను.

ఇప్పుడు అత్తమ్మ లేదు. గోతిలో ఒక కాలు పెట్టి, తనకన్నీ తెలుసన్నట్టు నిలబడ్డ ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నాకు జాలీ నవ్వూ కలిసి వస్తాయి. అంత తెలివితక్కువ పని చేయకపోతే ఆ మహాతల్లి నోట 'కొడుకా' అన్న పిలుపు వాడికి దక్కేదే కాదు కదా అని, వాణ్ణి క్షమించేస్తుంటాను.