పూజగదిలో అట్లకాడ

మా ఇంట్లో ఒక వెండి అట్లకాడ అరవై ఏళ్ళు దేవుడిగా ఉంది. వెటకారానికి అనడం లేదు. సరూర్‌నగర్ చెరువు దగ్గర మా నాన్న కట్టించిన ఇంట్లో, పూజగదిలో, గుట్ట నరసింహస్వామి పటం పక్కనే దానికొక పీట ఉండేది. ప్రతి శుక్రవారం నాయనమ్మ దాన్ని విబూదితో తోమి, పిడికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, తులసాకు వేసేది. అది అట్లకాడ అని అప్పటికి మాకెవరికీ తెలియదు. మాకు అది మత్స్యావతారం.

జానెడున్నర పొడవు. ముందు భాగం వెడల్పాటి వెండి రేకు. దాని నడుమ ఒక చేప, ఒక్కొక్క పొలుసూ విడిగా కనపడేంత సన్నగా చెక్కి ఉంది. చేప చుట్టూ తీగలు, తీగల మధ్య చిన్న చిన్న రంధ్రాలు. సాయంత్రం దీపం పెట్టగానే ఆ రంధ్రాల గుండా వెలుగు వెనక గోడ మీద పడేది. దీపం కదిలితే చేప ఈదేది. నాకు ముప్పై దాటాక కూడా ఆ గోడ చూస్తుంటే ఒళ్ళు జలదరించేది.

తాత పోచంపల్లి దగ్గర ఊళ్ళో మగ్గం నేసేవాడు. సికింద్రాబాదులో ఉండే ఒక ఇంగ్లీషు దొరసానికి బల్ల మీద పరిచే గుడ్డలు నేసి ఇచ్చేవాడట. ఆమె దేశం వదిలి పోతూ, సామాను సర్దుకుంటూ, దీన్ని ఆయన చేతిలో పెట్టింది. ఆమె ఏం చెప్పిందో తాతకు అర్థం కాలేదు. ఇంటికి తెచ్చి పెళ్ళాం చేతికిచ్చాడు. నాయనమ్మ ముందు వైపు చూస్తే చేప. తిప్పి చూస్తే పిడి వెనక ఆవగింజలంత ముద్రలు, వాటిలో ఒక సింహం, దాని పక్కనే ఒక ఆడమనిషి తల. ముందు మత్స్యావతారం, వెనక లక్ష్మీనరసింహుడు. ఇంకేం కావాలి? ఆమె ఆ రోజే నీసు మానేసింది. మళ్ళీ చేప ముట్టలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులవి. నేను వనస్థలిపురంలో ఒక బడిలో టీచర్‌ని. వారంలో మూడు రోజులు బందులు, బడి మూత. మా మేడ మీద గోదావరి జిల్లా నుంచి వచ్చిన దంపతులు కిరాయికి ఉండేవారు. ఆయన మద్రాసులో ఒక పాతకాలపు క్లబ్బులో వడ్డన పని చేసి రిటైరయ్యాడు. కింద మేమొక టీవీ ఛానల్ పెడితే పైన వాళ్ళు ఇంకొకటి పెట్టేవారు. మాటలు తగ్గాయి గానీ, శుక్రవారం ప్రసాదం పైకి పంపడం మాత్రం నాయనమ్మ మానలేదు.

ఒక బందు రోజు ఆయన ప్రసాదం గిన్నె తిరిగిచ్చేందుకు కిందికొచ్చాడు. పూజగది తలుపు తీసి ఉంది. ఆ పీట వైపు చూసి నిలబడిపోయాడు. నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు.

"మామ్మగారితో అనకండమ్మా. అది చేపలు వడ్డించే అట్లకాడండి. మా క్లబ్బులో ఇలాంటివి నా చేత్తో ఎన్నో తుడిచాను. పిడి వెనక మామ్మగారు నరసింహుడనే ఆ సింహం, వెండి నిఖార్సయినదని వేసే ముద్ర. ఆ తల వాళ్ళ రాణిగారిది."

ఈ మాట తన నోటి నుంచి వచ్చిందని తెలిస్తే ఇల్లు ఖాళీ చెయ్యమంటామని ఆయన భయం. నా భయం వేరు. ఎనభై దాటిన మనిషికి, నువ్వు జీవితమంతా మొక్కింది చేపల కూర వడ్డించే గరిటెకని ఎలా చెప్పడం? ఆమె దేవుణ్ణి ఆమెకు లేకుండా చేసే హక్కు నాకెక్కడిది? చెప్పకూడదని ఒట్టేసుకున్నాను.

నా కడుపులో మాట దాగదు. మరుసటి శుక్రవారం హారతి కళ్ళకద్దుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నాయనమ్మ ఏమైందని అడిగింది. ఆమె ముఖం చూసి అబద్ధమాడలేక మొత్తం కక్కేశాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. పీట మీది నుంచి దాన్ని తీసి, కొంగుతో కుంకుమ తుడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. నా నోటిని నేనే తిట్టుకున్నాను. పొద్దు వాలాక పిలిచింది.

"దసరకు మగ్గానికి, నాడెకు బొట్టు వెట్టి మొక్కుతం. తెల్లారి మల్ల పనిల వెడ్తం. పనిముట్టును పండుగొక్కనాడే కూసోవెట్టాలె. దీన్ని నేను అరవై ఏండ్లు కూసోవెట్టిన బిడ్డా. తప్పు నాదే."

దేవుడు పోయాడని బాధపడుతుందనుకుంటే, ఈమె ఒక పనిముట్టుకు పని లేకుండా చేశానని బాధపడుతోంది.

రెండు రోజులకు ఎల్‌బీ నగర్ పోయే మెయిన్ రోడ్డు మీద వంటావార్పు. బండ్లు ఆపి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ కలిసి తినే నిరసన అది. మా కాలనీ ఆడవాళ్ళ వంతు పులిహోర. నాయనమ్మ అట్లకాడ కొంగున చుట్టుకుని బయల్దేరింది. వెండిది, అంత జనంలో ఎవరైనా కొట్టేస్తే ఎట్లా, పోతే మళ్ళీ దొరుకుతుందా అని అడ్డం పడ్డాను.

"పోతే వడ్డించుకుంట పోతది" అంది.

పెద్ద బగోనె పక్కన స్టూలేసుకుని మొదలుపెట్టింది. అరవై ఏళ్ళు కదలని ఆ రేకు అన్నం కిందికి మెత్తగా జారింది. మెతుకు విరగలేదు. ఎక్కువైన నూనె రంధ్రాల్లోంచి బగోనెలోకే కారింది. ఆ రంధ్రాలు ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. చేప పొలుసుల్లో పసుపు నిండింది. ఏ ఊరి కంసాలి చెక్కాడో గానీ, ఇంత పనితనం అన్నం ఎత్తిపెట్టడం కోసమా అనిపించి, దీపం ముందు కూడా పెట్టనంత మనసారా దండం పెట్టాను.

అప్పుడు గల్లీ మూల మీద, కూరగాయల సంచితో, మేడ మీది ఆయన కనపడ్డాడు. ఆ అట్లకాడ చూసి ఆయన ముఖం పాలిపోయింది. వెనక్కి తిరగబోతుంటే నాయనమ్మ పిలిచింది. జెండాలు, నినాదాలు దాటుకుని ఆయన రావడం చిన్న సంగతి కాదు. తల వంచుకునే వచ్చాడు.

ఆమె లేచి పిడి ఆయన వైపు తిప్పింది. "నాకు చెయ్యి గుంజుతుంది కొడుకా. ఇది నీకెర్కైన పని. జర నువ్వు వడ్డించు."

ఆయన సంచి కింద పెట్టి, చేతులు కడుక్కున్నాడు. ఎడమ చెయ్యి నడుము వెనక పెట్టుకుని, కొంచెం ముందుకు వంగి, అందుకున్నాడు. వరసలో నాయనమ్మే ముందు నిలబడి, రెండు చేతులా విస్తరాకు పట్టింది.