కెమెరా వెనకాల మొగుడు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. స్టూడియోలో స్టూలెక్కి కూర్చున్న ప్రతి మనిషికీ "కదలకు, కదలకు" అని చెప్పీ చెప్పీ కదలకు బాబాయి అయిపోయాడు. ఇప్పుడు కదలాల్సింది ఆయనే. భార్య పరాయి దేశంలో నర్సు. ఆమె దగ్గరే ఉండిపోవడానికి దీర్ఘకాలపు వీసా కోసం పెట్టుకుంటే, కలిసి కాపురం చేసినట్టు రుజువులు చాలవని ఒకసారి తిప్పికొట్టారు. ఈసారీ కాదంటే మళ్ళీ ఏళ్ళ తరబడి ఆగాలి.

"పెళ్ళి సర్టిఫికెట్ ఇచ్చాను కదమ్మా," అన్నాడు వీసా ఆఫీసులో కిటికీ అవతలి గుమస్తా అమ్మాయితో.

"కాగితం ఎవరైనా తెస్తారండీ. ఇద్దరూ కలిసున్న ఫోటోలు కావాలి."

సంచీలోంచి లావుపాటి ఆల్బమ్ తీసిచ్చాడు. ఆమె తిరగేసింది. కిటికీ దగ్గర ఆవిడ, మెట్ల మీద ఆవిడ, వానలో గొడుగుతో ఆవిడ.

"మీరేరీ?"

"తీసింది నేనే కదా తల్లీ."

"పోనీ, పెళ్ళి ఫోటోలు?"

బాబాయి తల గోక్కున్నాడు. "అవీ నేనే తీశాను."

అబద్ధం కాదు. కుదుర్చుకున్న ఫోటోగ్రాఫరు వెలుగెటుందో చూసుకోకుండా పెళ్ళికూతురి మొహం మసిబొగ్గు చేస్తున్నాడని, పెళ్ళికొడుకే లేచి కెమెరా లాక్కున్నాడు. మళ్ళీ ఇవ్వలేదు.

"ఫోన్లో సెల్ఫీలైనా లేవా?"

"చెయ్యి చాపి తీస్తే ముక్కు పెద్దదవుతుందమ్మా. మా ఆవిడ ముక్కు చక్కగా ఉంటుంది."

ఆమె నవ్వాపుకుని, నెలాఖరులోగా ఏదో ఒకటి తెమ్మంది.

ఇంటికొచ్చి ఫోన్ చేస్తే భార్య ఊరుకుంటుందా? "నా పక్కన ఒక్కసారి నిలబడండని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? నేను నిలబడితే తీసేదెవరన్నారు. ఇప్పుడు అఘోరించండి." అని, గొంతు తగ్గించి, "డ్యూటీ దిగి వస్తే తలుపు తీసే దిక్కు లేదండీ ఇక్కడ," అంది.

దారి చూపించింది పెళ్ళిళ్ళలో ఆయనతో పాటు వీడియో తీసే బావ. "మా చెల్లెమ్మ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నీకు లైటు పట్టిందెవరు బావా? నా వీడియోల నిండా మూలమూలనా మీరిద్దరే. మిమ్మల్ని కోసెయ్యలేక చచ్చేవాణ్ణి."

బావ దగ్గరున్న డిస్కులు ఎప్పుడో పాడైపోయాయి. ఇక వాళ్ళకిచ్చిన డిస్కుల కోసం, పెళ్ళిళ్ళు తీసిన ఇళ్ళ గుమ్మాలు పట్టుకు తిరిగారు. దేవుడు చల్లగా చూడాలి, కాదన్న ఇల్లు లేదు. పొయ్యి మీది గిన్నె దించి మరీ టీవీ పెట్టారు. ఒక ముసలావిడ, పోయిన భర్త తెరమీద కనిపిస్తే కళ్ళు తుడుచుకుంటూనే, "నీ పని కానీ నాయనా, నేను తర్వాత చూసుకుంటాలే," అని ముందుకు జరిపించింది.

బాబాయికి మాత్రం చూసిన కొద్దీ ఒళ్ళు మండింది, తన మీద తనకే. ప్రతి పెళ్ళిలోనూ ఒకటే గొంతు: "పైకెత్తవే. ఎడమకి. ఎటు చూస్తున్నావ్?" ఆవిడ చెయ్యి మార్చుకుంటూ లైటెత్తుతూనే ఉంది.

ఇద్దరూ కనిపించిన చోటల్లా వీడియో ఆపి, బావ ప్రింట్లు తీసిచ్చాడు. గుమస్తా అమ్మాయి ఒక్కొక్కటే పక్కన పెట్టింది.

"ఏమీ అనుకోకండి. ఇందులో మొగుడూ పెళ్ళాల్లా లేరు. యజమానీ, పనిమనిషిలా ఉన్నారు."

చెంప చెళ్ళుమన్నట్టయింది.

అడుగున ఉన్న ప్రింటు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అందులో భార్య ఒక చేత్తో లైటు పట్టుకుని, రెండో చేత్తో ఆయన నోటికి ముద్ద అందిస్తోంది. ఆయన నోరు తెరిచాడు గానీ, కన్ను కెమెరాకే అతుక్కుని ఉంది.

"మరి ఆవిడ తిన్నారా?" అంది ఆమె.

"తెలీదమ్మా," అన్నాడు బాబాయి మెల్లగా. "నేను చూసుకోలేదు."

ఆమె ఆ ప్రింటుని ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టి ముద్ర వేసింది. "పైకి పంపుతాను. ఇస్తారో ఇవ్వరో నా చేతుల్లో లేదు. మళ్ళీ పిలుస్తారు, ఆగండి."

మళ్ళీ ఆగడమే. మెట్ల మీదే కూలబడి ఫోన్ చేశాడు.

"పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు నాకు తినిపించేదానివే, నువ్వు తినేదానివా?"

"వీసా ఏమైందో చెప్పండి ముందు."

"అది తేలలేదు. నువ్వు తినేదానివా, లేదా?"

"లైటు దింపితే మీరు అరిచేవారు కదండీ," అంది.